చేవెళ్లలున్న ప్రవీణ

మొగడు పెండ్లాన్ని ఇడిసిపెట్టుడు చూసినం, పెండ్లాం మొగన్ని ఇడిసిపెట్టుడు గూడ చూసినం. గాని పెండ్లాం మీదనే పానమంత పెట్టుకొని, ఆ పెండ్లాం అన్నం గిన్నె పట్టుకొని ముంగట నిలబడితే "అక్కా, ఆడ పెట్టిపోండ్రి, నేను తింట" అనెటోన్ని మొయినాబాద్‌ల ఎవ్వరూ చూసి ఉండరు. గిద్యోను ఇంట్ల మూడు నెలలసంది గదే నడుస్తున్నది. ఆ అన్నం గిన్నె పట్టుకొని నిలబడేది ప్రవీణ. లగ్గం చేసుకున్న పెండ్లాం. పాస్టరు ముంగట ఉంగరం తొడిగినప్పుడు తబ్బిబ్బయి ఆ ఉంగరాన్ని కింద పడేసుకున్నోడు గీ గిద్యోనే.

గిద్యోను కరెంటు పని చేస్తడు. ఫామ్‌హౌస్‌లల్ల పెండ్లిళ్లయితే లైట్లు కట్టేటోడు. ఎండకాలంల ఒక ఐతారం నాడు జన్వాడ తాన లైట్లు కట్టుకుంట నిచ్చెన మీదికెల్లి జారిండు. తల పోయి బండకు తాకింది. ఆ పొద్దుగాల్నే ప్రవీణ తలుపుకు అడ్డం నిలబడ్డది. "ఐతారం పూట చర్చికి రాకుంట పనికి పోతవా? పో. నువ్వొచ్చేవరకు నేను మా అవ్వగారింట్ల ఉంట" అన్నది. కోపానికి అన్న మాట. ఎన్నడన్న పోయిందా? పోలేదు. ఆ సాయంత్రం ఆమె పోయింది పట్నంల పెద్ద దవాఖానకు.

తెలివొచ్చినంక గిద్యోను అందరినీ గుర్తుపట్టిండు. పాస్టరుకు దండం పెట్టిండు. పని ఇచ్చిన సేటును చూసి "మిగిలిన లైట్లు ఎవరు కట్టిండ్రు?" అని అడిగిండు. డాక్టరమ్మ వేళ్లు చూపిస్తే లెక్క చెప్పిండు. అప్పుడు ప్రవీణ లోపలికి వచ్చింది. ఆమెను శానసేపు చూసిండు. చూసి, పరాయి ఆడామెతోని మాట్లాడినట్టు మర్యాదగ అడిగిండు.

"మీరు మా ప్రవీణ లెక్కనే ఉన్నరు. ఆమె రాలేదా?"

పక్కమంచం వాళ్లు నవ్విండ్రు. ప్రవీణ గూడ నవ్వింది, పొద్దటి కొట్లాటకు ఎక్కిరిస్తున్నడు అనుకున్నది. గాని ఆ మాట తెల్లారి అన్నడు, ఆ మర్నాడు అన్నడు, ఇంటికి తోలుకొచ్చినంక గూడ అన్నడు.

డాక్టరమ్మ మంచిది. ప్రవీణను కూసోబెట్టి, "మీ ఆయన ఏం పని చేస్తాడమ్మా?" అని అడిగింది.

"కరెంటు పని."

"అయితే నీకు తొందరగా అర్థమవుతుంది. ఒక ముఖాన్ని చూసి ఇది ఫలానా వాళ్ల ముఖం అని పోల్చుకునేది మెదడులో ఒక లైను. ఆ ముఖం చూడగానే లోపల ఏదో కదులుతుంది, మన మనిషి అనిపిస్తుంది, అది ఇంకో లైను. రెండూ ఒక్కసారే వస్తాయి కాబట్టి మనకి ఒకటే అనిపిస్తాయి. ఈయనకి మొదటిది బాగానే ఉంది. రెండోది తెగింది. నిన్ను చూస్తే ముఖం అదే, లోపల మాత్రం ఏమీ కావట్లేదు. మరి తెలివి ఊరుకుంటుందా? ముఖం అదే, మనసు పలకట్లేదు, అంటే ఈమె ఆమె కాదు, ఎవరో ఆమెలాంటి మనిషి అని తీర్పు చెప్పేస్తుంది."

"అంటే నా మీద ప్రేమ పోయిందా అమ్మా?"

"పోలేదు. పోతే ఈ బాధే లేదు. సేటును చూస్తే లోపల ఏం కావాలి? ఏమీ కానక్కర్లేదు. అందుకే సేటు సేటులాగే కనిపిస్తున్నాడు. నిన్ను చూస్తే చాలా కావాలి. అది రావట్లేదు."

ప్రవీణ ఆ మాటను ఇంటికొచ్చేదాంక బస్సుల నమిలింది. ఎక్కువ ప్రేమ ఉన్నందుకే తను పరాయిదైందట. గిదేం న్యాయం దేవా అనుకున్నది. నయమైతదా అని గూడ అడిగింది, అడగకుంట ఎట్లుంటది? కొందరికి మెల్లగా తగ్గుతుంది, కొందరికి తగ్గదు అన్నది డాక్టరమ్మ. వాదించొద్దు, బెదిరించొద్దు, బెదిరితే నిన్ను దుష్మన్ అనుకుంటాడు అని చెప్పింది.

ఇంట్ల గిద్యోను ఎంత మంచోడంటే, ఆ మంచితనమే ప్రవీణకు కొరివైంది. పరాయి ఆడామె ఉన్న అర్రల పండుకోవద్దని చాప తీసుకపోయి అరుగు మీద వేసుకున్నడు. తన బట్టలు తనే ఉతుక్కున్నడు. గ్లాసు అందిస్తే వేలు తాకకుంట అంచు పట్టుకొని తీసుకునేటోడు. పెండ్లాం ఇంట్ల లేనప్పుడు మొగోడు ఎట్లుండాలెనో అట్ల ఉన్నడు. ఎవరి కోసం అంత నీతిగ ఉంటున్నడో ఆమె పొయ్యికాడ కూసోని ఏడుస్తున్నదని ఆయనకు ఎట్ల తెలుస్తది? ఇంటి ఓనరమ్మ చూసి, దయ్యం సోకిందేమో అన్నది. దయ్యమైనా బాగుండు, వదిలిచ్చుకోవచ్చు.

ప్రవీణ నర్సరీల పని చేస్తది, మొయినాబాద్ రోడ్డు మీద. మొక్కలకు నీళ్లు పట్టుడు, కుండీలు సదురుడు. ఒక దినం మధ్యాహ్నం, గోలీ వేసుకున్నడో లేదో అని ఇంటికి ఫోన్ కొట్టింది. గోలీ వేసుకున్నవా అని అడిగింది. అటు దిక్కు గిద్యోను గొంతు పగిలినట్టు వినొచ్చింది.

"ప్రవీణా. ఏడున్నవే? ఎన్ని దినాలాయె నీ మాట విని."

ఆమె చేతిలున్న నీళ్ల పైపు కింద పడ్డది. ఫోన్ పెట్టేసి, ఆటో ఎక్కి, చెప్పులు గూడ సరిగ తొడుక్కోకుంట ఇంటికి ఉరికొచ్చింది. గిద్యోను అరుగు మీద నవ్వుకుంట నిలబడి ఉన్నడు. గా నవ్వు చూసి నెల దాటింది. ఆమె గేటు తీసేలోపలే ఆయన ఎదురొచ్చిండు.

"అక్కా, ప్రవీణ ఫోన్ చేసింది. మంచిగనే ఉన్నది. నేను ఊకె భయపడ్డ" అన్నడు.

సంతోషం వస్తే ఎవరికి చెప్పుకుంటరు? ఇంట్ల ఉన్నోళ్లకే. ఆమెకే చెప్పిండు. ప్రవీణ గేటు పట్టుకొని, "మంచిదే" అన్నది.

తర్వాత దవాఖానకు పోయినప్పుడు డాక్టరమ్మ చెప్పింది, గొంతు పోయే దారి వేరే, అది తెగలేదు అని. గాని కండ్లు తెరిచి ఉన్నంతసేపు కండ్ల సాక్ష్యమే చెల్లుతుందట. ఆ ముచ్చట ప్రవీణకు అప్పటికే తెలిసింది. ఒకనాడు ఆశ ఆగక, తలుపు ఎనక నిలబడి "ఏమయ్యా, అన్నం తిన్నవా?" అని పిలిచింది. "వచ్చినవానే" అనుకుంట ఉరికొచ్చిండు. తలుపు తీసి ఆమె ముఖం చూసిండు. పసుపు రాసినట్టు పాలిపోయిండు. "నా పెండ్లాం గొంతు నీకెట్ల వచ్చింది? ఆమెను ఏం చేసినవు?" అన్నడు. ఆ దినం అన్నం ముట్టలేదు. అప్పటిసంది ప్రవీణ ఇంట్ల నోరు కట్టేసుకున్నది. ఏదన్న ఉంటే ఒకటి రెండు మాటలు, అది గూడ గుసగుసగ. గలగల మాట్లాడే మనిషి, సొంతింట్ల గొంతు దాచుకొని బతుకుడు మొదలువెట్టింది.

మాట్లాడేదంత ఫోన్‌లనే. దినం మధ్యాహ్నం గులాబీ మొక్కల నడుమ కుండీ బోర్లేసుకొని కూసునేది. ఆ కాసేపు ఆమెకు మొగడు ఉండేటోడు. "ఏడున్నవు?" అని మొదటిసారి అడిగినప్పుడు "ఇంట్లనే గదనయ్యా" అన్నది. "ఇంట్ల ఇంకొకామె ఉన్నది, అబద్దం చెప్పకు" అని కసిరిండు. ఇగ ఏం చెప్తది? నోటికొచ్చింది చెప్పింది.

"చేవెళ్లల ఉన్న. మా అవ్వ తాన."

అబద్దం ఆడితే అతికినట్టుండాలె అంటరు. ఇది అతికింది, గట్టిగ అతికింది. ఆ ఐతారం నాడు తను అన్న మాట ఆయన మనసుల ఉన్నది గద. చర్చికి రాకుంట పోయిన, అలిగి తల్లిగారింటికి పోయింది అని గిద్యోను మొత్తం ముడి వేసుకున్నడు. నన్ను చూసుకోనీకి తన పోలికలున్న చుట్టపామెను ఎవరినో పంపింది అని గూడ తనే లెక్క తేల్చుకున్నడు. తెలివికి ఎప్పుడూ ఒక కారణం కావాలె. దొరకకుంటే తనే అల్లుకుంటది.

ఇగ ప్రవీణ బతుకు చూడండ్రి. మధ్యాహ్నం ఫోన్‌ల ముద్దుమాటలు. సాయంత్రం ఇంటికొస్తే ఆ ముద్దుమాటలే మొగడు "అక్కా, ప్రవీణ ఏమన్నదో తెలుసా" అని చెప్తుంటే విని తలకాయ ఊపుడు. చేవెళ్లల ఉన్న ఆ ప్రవీణ మీద ఆమెకు కుళ్లు పుట్టింది. ఆమెకు ఇంటిపని లేదు, ఏడుపు లేదు, మొగని ప్రేమంత ఆమెకే. తన మీద తనే కుళ్లుకునే ఆడదాన్ని ఎవరన్న చూసిండ్రా?

వానలు పడ్డంక ఒక సాయంత్రం గిద్యోను మంచిగ గడ్డం గీసుకొని కూసున్నడు. "అక్కా, రేపు చేవెళ్ల పోతున్న. ప్రవీణను తోలుకొస్త. పెండ్లాం అలిగి తల్లిగారింట్ల కూసుంటే మొగడు పోయి బతిమాలి తెచ్చుకోవాలె గద. నేనే సోయి లేకుంట ఇన్ని దినాలు ఫోన్‌ల సరిపెట్టిన."

మర్నాడు పొద్దుగాల ప్రవీణ నర్సరీకి పోయినట్టే పోయి ఫోన్ చేసింది. రావద్దు, నేనే వస్త అన్నది. "అలిగినోళ్లు గట్లనే అంటరు" అని నవ్విండు. ఏం చేయాలె? ఆయన చేవెళ్ల పోయి, ఆ ఇంట్ల పెండ్లాం లేదని చూస్తే, ఫోన్‌ల మాట్లాడేది గూడ దొంగదే అనుకుంటడు. ఆ ఒక్క గొంతు గూడ పోతది. గులాబీ మొక్కల నడుమ కూసునే కాసేపు గూడ ఇగ ఉండదు. ప్రవీణ చేవెళ్లకు ఫోన్ కొట్టి తల్లికి చెప్పింది, తల్లి పద్మమ్మ ఏడ్చింది, అంతకుమించి ఏం తోచలేదు. ఇంటికి తిరిగొచ్చి, "నేను గూడ వస్త. చేవెళ్లల పని ఉన్నది" అని మొగనితోని గుసగుసగ అన్నది.

"రాండ్రి అక్కా. మీరు వస్తే మంచిదే, ఇన్ని దినాలు నన్నెట్ల చూసుకున్నరో ఆమెకు చెప్త" అన్నడు.

బస్టాపు కాడ ఉల్లిగడ్డ సమోసాలు వేడివేడిగ తీస్తున్నరు. గిద్యోను ఒక పొట్లం కట్టించుకున్నడు. బస్సు ఎక్కి ఇద్దరు కూసునే సీటుల, నడుమ సంచి పెట్టి, అటు చివరకు జరిగి కూసున్నడు. కండక్టరు వస్తే ప్రవీణ ఆధార్ కార్డు చూపెట్టి ఆడోళ్లకు పైసలు లేకుంట ఇచ్చే టికెట్ తీసుకున్నది, గిద్యోను పైసలిచ్చిండు. రోడ్డు పని నడుస్తున్నది, బస్సు నత్తనడక నడిచింది. గిద్యోను పొట్లాన్ని చల్లారకుంట తువ్వాలల చుట్టి ఒడిల పెట్టుకున్నడు.

"ఇవంటే ఆమెకు పానం. లగ్గమైన కొత్తల, నేను పని కాడికెల్లి వస్తుంటే సమోసాలు తెచ్చినవా అని ముందల అడిగేది, మంచిగున్నవా అని తర్వాత." చెప్పుకుంట నవ్విండు. పొట్లం విప్పి ఒక్కటి తీసి ఆమెకు ఇచ్చిండు. "మీరొకటి తినుండ్రి. మిగిలినయి ఆమెకు."

ప్రవీణ తీసుకున్నది. పొద్దటిసంది ఏం తినలేదు. తనకోసం దాచినవాట్లకెల్లి తనకే ఒకటి దానం దొరికింది. ముక్క మిగలకుంట తిన్నది.

గిద్యోనుకు మాటలు ఆగలేదు. ఎన్నడూ పెండ్లాంతోని అనని మాటలు, పక్కన కూసున్న పరాయామెతోని అన్నడు. ఆమె నవ్వితే కండ్లు పూరాగ మూసుకపోతయట. ఆమె పాట రాగం తప్పుతదట, గాని చర్చిల అందరికన్న గట్టిగ పాడుతదట. "కొట్లాడినప్పుడు గూడ నా టిఫిన్ల ఉల్లిగడ్డ పెట్టుడు మరవదు అక్కా. నేనెన్నడూ ఆమెకు గివన్ని చెప్పలేదు. మొగోళ్లం గద, సిగ్గు."

"చెప్తే సంతోషపడుతుండె" అన్నది ప్రవీణ, కిటికీ దిక్కు తిరిగి, లోగొంతుకతోని.

"ఇయ్యాల చెప్త" అన్నడు. తర్వాత ఏదో యాదికొచ్చి మల్ల నవ్విండు. "మా మామ చర్చిల పెద్ద. ఆయన ప్రార్థన షురూ చేసిండంటే పొయ్యి మీద పప్పు మాడాలె. అందరు కండ్లు మూసుకుంటరు గద, ఆమె మెల్లగ జరిగి నా పక్కన నిలబడేది. చిటికెన వేళ్లు పట్టుకునెటోళ్లం. ఆమెన్ అనంగనే ఇడిసిపెట్టెటోళ్లం. మా మామ ఇంక జర లంబా చేస్తే బాగుండు అనిపించేది."

ప్రవీణ తన చిటికెన వేలును పిడికిట్ల దాచుకున్నది. బస్సు చేవెళ్ల చేరింది.

ఇల్లు బస్టాండుకు దగ్గర్నే. పద్మమ్మ వాకిట్లనే నిలబడి ఉన్నది. గిద్యోను "అత్తమ్మా, మంచిగున్నవా?" అని పలకరిచ్చి లోపలికి పోయిండు. ముంగటి అర్ర చూసిండు, వంటింట్ల చూసిండు, ఎనక వాకిలి చూసిండు. "ప్రవీణ ఏది?" అన్నడు.

ప్రవీణ తండ్రి సాముయేలు ముసలోడు, సూటి మనిషి, కడుపుల ఒకటి నోట్ల ఒకటి పెట్టుకునుడు ఆయనకు రాదు. బిడ్డను చూపెట్టిండు. "గామెనే గదరా నీ పెండ్లాం. పక్కన్నే తోలుకొచ్చుకొని ఏది అని అడుగుతవా?"

గిద్యోను తిరిగి ప్రవీణను చూసిండు. ఆమె గూడ చూసింది. ఒక్కపారి లోపల ఆ తీగ అతికితే బాగుండునని, అన్ని పోగొట్టుకున్నోళ్లు చూసినట్టు చూసింది. ఆయన ముఖంల ఏం కదలలేదు. కాసేపైనంక ఆ ముఖం గట్టిపడ్డది.

"మీరు గూడ గిదే అంటున్నరా మామా" అన్నడు. "అందరు కలిసిండ్రు. ఫోన్‌ల మాట్లాడింది గూడ ఈమెనేనా? గొంతు దొంగతనం చేసిందా?" సమోసాల పొట్లం మంచం మీద పెట్టిండు. "నా పెండ్లాం లేదు. ఎక్కడ్నో పోగొట్టుకున్న. నేను పోత."

ఏదైతే కావొద్దని ప్రవీణ అనుకున్నదో అదే అయింది. ఆపుదమంటే నోరు తెరవద్దు, తెరిస్తే ఇంక బెదురుతడు.

గిద్యోను గడప కాడికి పోయిండు. సాముయేలు లేచి చెయ్యి అడ్డం పెట్టిండు. "పోతే పో బిడ్డా. ప్రార్థన చేసుకోకుంట నా ఇంట్లకెల్లి ఎవ్వడు గడప దాటలేదు. నిలబడు." అల్లుడు ఎంత కోపంల ఉన్నా చిన్నప్పటి అలవాటు అలవాటే, ఆ మాట వినంగనే తల వంచుకొని నిలబడ్డడు. నలుగురు నిలబడ్డరు. నలుగురు కండ్లు మూసుకున్నరు.

"పరిశుద్ధుడవైన తండ్రీ" అని సాముయేలు మొదలువెట్టిండు. "ఈ బిడ్డలు... నీ ఎదుట ఈ ఇద్దరు బిడ్డలు..." అని ఆగిండు. నలభయ్యేండ్ల సంది ఆగని గొంతు ఆయనది. మల్ల "ఈ ఇద్దరు" అన్నడు. తర్వాత మాట రాలేదు. అర్రల ముసలోని ఎక్కిళ్లు తప్ప ఏం లేవు. పద్మమ్మ ముక్కు చీదింది. ఇంక జరసేపు గట్లనే ఉంటే ఎవరో ఒకరు కండ్లు తెరుస్తరు, గిద్యోను గడప దాటుతడు.

తండ్రి ఇడిసిన కాడికెల్లి ప్రవీణ అందుకున్నది. ఆలోచించి చేయలేదు. ఇంట్ల దాచుకున్న గొంతు దానంతట అదే వచ్చింది. "ఈ ఇద్దరిని నీ చేతులకు అప్పజెప్తున్నం తండ్రీ. నా మొగని తలకు తగిలిన దెబ్బను నువ్వు చూసినవు. ఆయన అరుగు మీద పండుకుంటుంటే నువ్వు చూసినవు. ఆయనకు చలి తాకనియ్యకు."

ముంగట ఊపిరి ఆగినట్టు వినపడ్డది. తర్వాత చెప్పులు లేని అడుగు ఒకటి, మెల్లగ, ఆమె దిక్కు. ఇంకొకటి. ప్రవీణ కండ్లు గట్టిగ మూసుకొని ప్రార్థన నడిపిచ్చింది. ఎడమ చేతికి ఏదో తాకింది. చిటికెన వేలు. అది ఆమె వేలును వెతికి పట్టుకొని ముడి వేసుకున్నది.

ఆమె ఆగలేదు. అవ్వ కోసం చేసింది, బాపు మోకాళ్ల నొప్పుల కోసం చేసింది. పాస్టరు కోసం, డాక్టరమ్మ కోసం, దయ్యం అన్న ఓనరమ్మ కోసం చేసింది. నర్సరీల గులాబీలకు చీడ తాకొద్దని చేసింది. బస్సు కండక్టరు కోసం చేసింది, రోడ్డు పని చేసే కూలోళ్ల కోసం చేసింది. సాముయేలు అంత పెద్ద ప్రార్థన ఎన్నడూ చేసి ఉండడు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చింది, పద్మమ్మ కదల్లేదు. ఇగ అడగనీకి ఏం మిగలలేదు. ప్రవీణ ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నది.

చెవి పక్కన గిద్యోను గొంతు, మెల్లగ, బతిమాలినట్టు వినొచ్చింది.

"ఆమెన్ అనకు ప్రవీణా. అంటే నువ్వు పోతవు."

ఆమె అనలేదు. వేలు ఇంక గట్టిగ పట్టుకొని, "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మల్ల మొదటికెల్లి షురూ చేసింది.